ఒంటి మేజోళ్ల శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున నజాత్ టీచరు పెట్టుకున్న పని చాలా చిన్నది. మూడో తరగతి పిల్లల్ని ఊట పైనున్న గడ్డిబయలుకు తీసుకెళ్లాలి. మొక్కలు తమ గింజల్ని దూరాలకు ఎలా పంపుకుంటాయో చూపించాలి. జుమ్మా నమాజు వేళకు అందరినీ ఇళ్లకు పంపేయాలి. పుస్తకంలో ఆ పాఠానికి సముద్రంలో తేలుతున్న కొబ్బరికాయ బొమ్మ ఒకటి ఉంది. తిజ్గీ కొండమీది ఊరు. అక్కడి పిల్లలు సముద్రాన్నీ చూడలేదు, కొబ్బరికాయనూ చూడలేదు. కిందటేడు ఆ బొమ్మ చూపిస్తే, నీళ్లలో పడిపోయిన ఎవరిదో తల అనుకుంది తరగతి మొత్తం. ఇద్దరు ఏడ్చారు కూడా. ఈసారి పుస్తకం మూసేసి, గింజల్నే చూపించాలనుకుంది నజాత్.

అందుకని ముందురోజు సాయంత్రం బడి వదిలేముందు పిల్లలకు ఒక మాట చెప్పింది. "రేపు ఒక్కొక్కరూ ఇంట్లో అడిగి, నాన్నదో తాతదో పాత ఉన్ని సాక్సు ఒకటి పట్టుకురండి. ఒక్కటి చాలు. ఉన్ని ఎంత ఒత్తుగా ఉంటే అంత మంచిది."

ఇందులో 'అడిగి' అన్న మాట, 'పాత' అన్న మాట బడి గుమ్మం దాటకముందే పిల్లల బుర్రల్లోంచి జారిపోయాయి. 'ఒక్కటి చాలు' అన్నది నిలిచింది. 'ఒత్తుగా' అన్నది ఇంకా గట్టిగా నిలిచింది. ఒత్తుగా ఉండేది కొత్తదే కదా. అమ్మనడిగితే మడమ చిరిగింది ఇస్తుంది. అక్టోబరు చివరి రోజులు, కొండగాలికి పళ్లు కొట్టుకునే కాలం. ప్రతి ఇంట్లోనూ మంచి ఉన్ని మేజోళ్లు పెట్టెలోంచి బయటికొచ్చి, పొయ్యి పక్కన వెచ్చగా ఆరుతున్నాయి. పిల్లలు తెల్లారుతూనే ఒక్కోటి చంకలో పెట్టుకుని బడికి బయల్దేరారు.

గడ్డిబయలు దగ్గర పిల్లలు ఆ మేజోళ్లను బూట్ల మీదుగా మోకాళ్ల దాకా లాక్కున్నారు. ఒక కాలు ఏనుగుది, ఒక కాలు మేకది అన్నట్టు తయారయ్యారు. నజాత్ చెప్పినట్టుగానే ఎండు గడ్డిలో ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తారు, పడ్డారు, దొర్లారు. వెనక్కి వచ్చి చూసుకుంటే మేజోళ్లు మేజోళ్లలా లేవు. ముళ్లకాయలు, కొక్కేల గింజలు, బల్లెం మొనలాంటి గడ్డిగింజలు ఉన్నికి గుత్తులు గుత్తులుగా పట్టుకుని వేలాడుతున్నాయి.

"చూశారా? ఈ మొక్కకి కాళ్లు లేవు. అందుకని మీ కాళ్లు అరువు తీసుకుంది," అంది నజాత్. "రోజూ అయితే మీ గొర్రెల్ని పట్టుకుని పోతుంది. గొర్రె ఎక్కడో ఒళ్లు గోక్కుంటుంది, గింజ అక్కడ రాలి మొలుస్తుంది."

"ఎక్కడికి పోతోందో గింజకి తెలుసా టీచరమ్మా?" అని అడిగింది ఇత్తో. ఆ పిల్లకి ఎనిమిదేళ్లు. తరగతిలో అందరికన్నా తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే మాత్రం పుస్తకంలో జవాబు లేని ప్రశ్నే అడుగుతుంది.

"తెలీదమ్మా."

"మరి తల్లిమొక్క ఎందుకు పంపించేస్తుంది?"

"తన నీడలోనే పడితే పిల్లమొక్కకి ఎండ దొరకదు. అందుకని."

ఇత్తో కాసేపు తన మేజోడు మీది ముళ్లకాయను వేలితో తిప్పింది. "ఒక్కోసారి తల్లే ముందు వెళ్లిపోతుంది కదా," అంది.

ఇత్తో వాళ్లమ్మ ఇజ్జా పోయి రెండు చలికాలాలు దాటాయి. టీచరు వంగి, పిల్ల తలగుడ్డ సరిచేసి, "పద, చలేస్తోంది," అని మాత్రం అంది.

బడికి తిరిగి వచ్చాక పిల్లలు మేజోళ్లన్నీ విప్పి ఒక గోనెసంచిలో వేశారు. మధ్యాహ్నం వాటిని తడి మట్టిలో పరిచి, ఏ గింజ ముందు మొలుస్తుందో చూడాలని టీచరు ఆలోచన. ఆమె సంచిని ఈడ్చుకెళ్లి తరగతి గదిలో మూల పెట్టింది. పిల్లలు శుక్రవారం వండే గోధుమరవ్వ కుస్‌కుస్ తినడానికి ఇళ్లకు పరుగెత్తారు.

ఈలోగా ఊళ్లో మగవాళ్లంతా నమాజుకు తయారవుతున్నారు. ప్రతి ఇంట్లోనూ దాదాపు ఒకే మాట వినబడింది. "ఇంకోటేదే?" "ఇంకోటేంటి?" "సాక్సే. ఒకటే ఉంది." "రెండు కాళ్లున్న మనిషి రెండు విప్పుతాడు, రెండు పెట్టుకుంటాడు. నన్నడుగుతావేంటి?" నమాజుకు పిలిచే బాంగు వినిపించేసరికి పోట్లాటను సగంలో ఆపి, చేతికి దొరికిన రెండో దాన్ని తొడుక్కుని ఎవరి దారిన వాళ్లు మసీదుకు బయల్దేరారు.

మసీదులో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి కాబట్టి కాళ్ల సంగతి దాగదు. మొదటి సజ్దాలో నుదుళ్లు నేలకు ఆనించి లేస్తున్నప్పుడు రెండో వరుసవాళ్లకు మొదటి వరుస పాదాలు కనిపించాయి. ఒక కాలు బూడిదరంగు, ఒక కాలు గోధుమరంగు. పక్కాయనకు ఒకటి ఉన్ని, ఒకటి పలచటి నూలు. ఆ పక్కాయనకు ఒకటి మోకాలి దాకా, ఒకటి చీలమండ దాకా. మూడో వరుసవాళ్లకు రెండో వరుసా అలాగే కనిపించింది. మొదటి వరుసవాళ్లకు కనిపించింది ఇమామ్ సీదీ లహ్సెన్ గారి పాదాలు. ఆయన ఎడమ కాలికి నల్ల మేజోడు ఉంది. కుడి కాలికి ఉన్నది పసుపు చారలది, అది వాళ్లావిడదని ఊళ్లో అందరికీ తెలుసు. నమాజులో నవ్వకూడదు. ఆ ఉన్న కాస్త సేపు నవ్వును పట్టి ఉంచడానికి పెద్దమనుషులు పడిన పాట్లకు తివాచీ కూడా సన్నగా వణికింది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ అందరూ ఒకేసారి మాట్లాడారు.

"నాదొక్కటే పోయిందనుకున్నా."

"పొద్దున దీని మీద మా ఆవిడతో ఒక రౌండు అయిపోయింది."

"దొంగతనమేనంటావా?"

"దొంగయితే రెండూ పట్టుకుపోతాడు," అన్నాడు కాఫీకొట్టు హద్దూ. ఊళ్లో ఏ విషయం మీదైనా మొదటి మాట ఆయనదే. "ఒంటి సాక్సుతో దొంగేం చేసుకుంటాడు?"

"ఒంటికాలి దొంగేమో."

"అయితే మాత్రం ఇన్నా? ఎన్నాళ్లు బతుకుదామని?"

హద్దూ గొంతు తగ్గించాడు. "మగాడి ఒంటి మీది బట్ట ఒకటి పట్టుకుపోయి, ముడేసి, మంత్రం చదివి పాతిపెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇక ఆ మగాడు పెళ్లాం గీసిన గీత దాటడు."

"దేవుడింటి గుమ్మంలో నిలబడి ఆ మాటలేంటి హద్దూ," అని కసిరారు ఇమామ్ గారు. కసిరి, తన కుడి కాలి పసుపు చారల వైపు ఒకసారి చూసుకున్నారు.

అందరికీ కాస్త ఎడంగా మెట్టు మీద కూర్చుని బూటు తొడుక్కుంటున్నాడు మీమూన్. అతను ఇత్తో తండ్రి, కంచరగాడిదలకు జీనులు కుట్టి బతుకుతాడు. ఎడమ కాలికి ఎర్ర అంచున్న బూడిదరంగు మేజోడు ఉంది. కుడి కాలు బోసిగా, చలికి నీలంగా ఉంది.

"నీదీ పోయిందా? ఇంకేదైనా తొడుక్కోకపోయావా, గడ్డకట్టిపోతావు," అన్నాడు హద్దూ.

"దీనికి ఇంకేదీ జోడు కాదు," అన్నాడు మీమూన్. ఆ ఎర్ర అంచు ఇజ్జా అల్లిక అని అక్కడ తెలియనివాళ్లు లేరు.

ఇంటికెళ్లి కుస్‌కుస్ ముందు కూర్చున్న హద్దూ ఒక ముద్ద తిన్నాడో లేదో, అతని భార్య యమ్నా, "ఆ మజ్జిగ చెంబు ఇలా ఇవ్వు," అంది. హద్దూ ఇచ్చాడు. ఇచ్చాక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అడగ్గానే ఎందుకిచ్చాను?" అన్నాడు.

"దాహమేసి అడిగాను కాబట్టి."

"అది కాదు. నేను ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయింది. యమ్నా, నిజం చెప్పు. నా సాక్సు ఎక్కడ పాతిపెట్టావు?"

యమ్నా చెంచా కింద పెట్టింది. "నీ సాక్సు నేను పాతిపెట్టడమేంటి? ఒక కాలి సాక్సు విప్పి ఎవరింట్లో మర్చిపోయి వచ్చావో అది చెప్పు ముందు. నేను పొద్దుట్నుంచీ అడుగుదామా వద్దా అని ఆగుతున్నా."

వాళ్ల కొడుకు రహో తల ఎత్తకుండా పళ్లెంలోని ముల్లంగి ముక్కను శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ సమయంలో ఊళ్లో మూడో తరగతి చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక పిల్లో పిల్లాడో అలాగే కూరముక్కను చూస్తూ కూర్చున్నారు. ఉదయం ఆ పని గొప్ప పనిలాగే ఉంది. ఇప్పుడు నాన్న ముఖం చూశాక, నోరు విప్పడం కన్నా నమలడం మేలనిపించింది.

భోజనాలయ్యాక ఆడవాళ్లు ఊట దగ్గర గిన్నెలు తోముతూ మాటలు కలుపుకునేసరికి సంగతి ఇంకో మలుపు తిరిగింది. ప్రతి మొగుడూ ఒక్కో మేజోడు ఎక్కడో మర్చిపోయాడు. ఎవరింట్లో? ఊళ్లో ఒంటరిగా ఉండే ఆడమనిషి ఎవరు?

నజాత్‌కు గది అద్దెకిచ్చిన రఖియా అవ్వ అమాయకంగా, "మా టీచరు పొద్దున గోనెసంచి ఒకటి ఈడ్చుకుంటూ బడిలోకి పోయింది. సంచి మూతిలోంచి బూడిదరంగుది ఏదో వేలాడుతోంది. కుందేలు చెవి అనుకున్నా," అంది.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"టీచరమ్మకి పెళ్లి కావాలంటే ఒకడు చాలడా? ఊరందరివీ ఎందుకు?" అంది ఒకావిడ.

"ఎవడు మంచివాడో తేల్చుకోలేక అయ్యుంటుంది," అంది ఇంకొకావిడ.

"మనవాళ్లలో తేల్చుకోవడం కష్టమేలే," అని యమ్నా చేతులు తుడుచుకుని లేచింది. "పదండి, అడిగేద్దాం."

ఆడవాళ్లు బడి వైపు నడుస్తుంటే కాఫీకొట్టులోని మగవాళ్లు చూశారు. తమ మేజోళ్లను పాతిపెట్టడానికే పోతున్నారని హద్దూ తేల్చేశాడు. వాళ్లూ వెనకే బయల్దేరారు. ఎందుకైనా మంచిదని ఇమామ్ గారూ తన పొడుగు అంగీ, జెల్లాబాకున్న టోపీని తల మీదికి లాక్కుని వచ్చారు.

నజాత్ పెరట్లో తొట్లకు మట్టి ఎత్తుతోంది. గేటు దగ్గర ఊరంతా నిలబడి ఉండడం చూసి మొదట ఎవరో పోయారనుకుంది.

"టీచరమ్మా, ఆ సంచిలో ఏముంది?" అని అడిగింది యమ్నా.

"సాక్సులు," అంది నజాత్. "మీవే. పిల్లలు మీకు చెప్పలేదా?"

వెంట వచ్చిన పిల్లలు తల్లుల వెనక్కి జరిగారు. అది చూడగానే ఆమెకు మొత్తం అర్థమైంది. ఈ ఊళ్లో ఆడపిల్లల్ని బడికి పంపించమని మొదటి ఏడాదంతా ఇల్లిల్లూ తిరిగిన మనిషి ఆమె. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ తిరిగిందంతా ఒక్క గోనెసంచిలో పోయేలా ఉంది. ఆమె పరుగున వెళ్లి సంచి తెచ్చి, అందరి ముందూ బోర్లించింది.

మేజోళ్లు రాలిపడలేదు. ఒకే ఒక్క ఉండ పడింది. ముళ్లకాయలు ఒకదాన్నొకటి కరిచి పట్టుకుని, ఊళ్లోని మేజోళ్లన్నీ కలిసి పెద్ద గొర్రెపిల్లంత మూట అయ్యాయి. కాసేపు దాన్ని అందరూ చూశారు. తరవాత హద్దూ తన మేజోడు మడమను గుర్తుపట్టి లాగాడు. దానితోపాటు ఇమామ్ గారిదీ వచ్చింది. దాన్ని ఇంకొకాయన పట్టుకున్నాడు. లాగినకొద్దీ గింజలు ఉన్నిని వదిలి లాగేవాళ్లను పట్టుకున్నాయి. జెల్లాబా చేతులకు, తలగుడ్డలకు, ఒకాయన గడ్డానికి. గడ్డంలోంచి తీయబోయిన పక్కాయన చేతికి. మూట మాత్రం అలాగే ఉంది.

అప్పుడు మీమూన్ వచ్చాడు. గుంపు దానంతటదే దారి ఇచ్చింది. అతను మూటలోంచి కొద్దిగా బయటికి కనబడుతున్న ఎర్ర అంచును చూశాడు, దగ్గరికి మాత్రం రాలేదు.

"లాగకండి," అంది యమ్నా మెల్లగా. "ఇజ్జా అల్లింది అందులో ఉంది. లాగితే పోగు తెగుతుంది."

అందరి చేతులూ ఆగిపోయాయి. హద్దూ తన మేజోడును వదిలేశాడు. యమ్నా నేల మీద కూర్చుని మూటను ఒళ్లోకి తీసుకుంది, ఒక్కో ముళ్లకాయనూ గోటితో విడదీయడం మొదలుపెట్టింది. ఆమె పక్కన రఖియా అవ్వ కూర్చుంది. తరవాత నజాత్, తరవాత ఒకరొకరుగా అందరూ. మగవాళ్లు కూడా చుట్టూ చేరి, ఎవరికి అందిన కొసను వాళ్లు పట్టుకుని గింజలు ఏరసాగారు.

పెద్దలు కూర్చోగానే పిల్లలకు ధైర్యం వచ్చింది. "అది కొక్కెం గింజ. దాన్ని వెనక్కి తిప్పి తీయాలి నాన్నా," అన్నాడు రహో. ఇంకో పిల్ల ఇమామ్ గారి వీపు మీదికి జారిన టోపీని చూపించి, "టీచరమ్మా, తాతగారి టోపీలో ఉన్నాయి. ఇప్పుడు ఆయనే మసీదు దాకా మోసుకెళ్తారు కదా," అంది.

"అక్కడ మొలుస్తాయంటావా?" అన్నారు ఇమామ్ గారు.

"మీరు ఎక్కడ దులుపుకుంటే అక్కడ. గొర్రె కూడా అంతేనంట."

ఇమామ్ గారు తనను గొర్రెతో కలపడం గురించి ఆలోచించి, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదని ఊరుకున్నారు. హద్దూ పక్కకు వంగి, టీచరును గుసగుసగా అడిగాడు. "అంటే సాక్సుల్లో మంత్రమేమీ లేదు కదా?"

"లేదండీ."

"మరి పొద్దుట్నుంచీ యమ్నా చెప్పినవన్నీ ఎందుకు చేస్తున్నాను?"

యమ్నా తల ఎత్తకుండానే, "ఇరవయ్యేళ్లుగా చేస్తున్నావు. ఇవాళే చూసుకున్నావు," అంది.

నవ్వులు ఇంకా ఆగకముందే ఎర్ర అంచు మేజోడు బయటికొచ్చింది. యమ్నా దాన్ని అరచేతుల్లో పెట్టి మీమూన్‌కు అందించింది. బొటనవేలి దగ్గర ఒక పోగు వదులైంది, అంతే. కానీ ఒళ్లంతా గడ్డిగింజలు గుచ్చుకుని ఉన్నాయి. ఇత్తో తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నేనే తీశా నాన్నా. నీ సంత సాక్సులు తెద్దామనుకున్నా. అవి పలచగా ఉన్నాయి. అందరూ వాళ్ల నాన్నవి చూపిస్తుంటే, అమ్మ అల్లింది చూపిద్దామని."

మీమూన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "చూపించావా?"

"చూపించా. అందరికన్నా నాకే ఎక్కువ గింజలు అంటుకున్నాయి."

"మీ అమ్మ అల్లిక అంత గట్టిది," అన్నాడు. నజాత్ సర్దుకుని, తప్పు తనదేనని, గింజలు ఏరి తానే శుభ్రంగా ఉతికి ఇస్తానని చెప్పబోయింది.

మీమూన్ గబుక్కున మేజోడును వెనక్కి లాక్కున్నాడు. "ఉతకడం వద్దు టీచరమ్మా. శుక్రవారం ఒక్కరోజే వేసుకుంటా. ఇంతవరకూ ఉతకలేదు. ఉతికితే ఆమె చెయ్యి దాంట్లోంచి పోతుందేమోనని."

రఖియా అవ్వ కళ్లు ఒత్తుకుంది. యమ్నా కూడా ఒత్తుకుంది, తరవాత వేళ్లమీద ఏదో లెక్కేసుకుంది.

"రెండేళ్లా?" అంది.

"ఊఁ."

"మీమూన్, ఇజ్జా నాకు చెల్లెలిలాంటిది, ఆమె సంగతి నాకు తెలుసు. రెండేళ్లు ఉతకని సాక్సుతో ఇంట్లోకి అడుగుపెడితే ఆమె నిన్ను కంచరగాడిదల కొట్టంలో పడుకోబెట్టేది."

మీమూన్ ఏదో అనబోయాడు. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఇత్తో అతని మెడ పట్టుకుంది. అతను నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని రెండేళ్లయింది కాబట్టి మొదట ఎవరూ పోల్చుకోలేకపోయారు. "నిజమే," అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "ఒకసారి పడుకోబెట్టింది కూడా."

ఆ సాయంత్రం బడి పెరట్లోనే టీ కాచారు. హద్దూ కొట్టు నుంచి పుదీనా, బెల్లం గడ్డంత పంచదార దిమ్మ వచ్చాయి. ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. మేజోళ్లలో సగం వాటి కాళ్లకు చేరాయి. విడదీయడానికి వీల్లేని సగాన్ని ఊరు బడికే ఇచ్చేసింది. పిల్లలు వాటిని తొట్లలో పరిచి నీళ్లు పోశారు. ఇత్తో ఊట దగ్గర కూర్చుని వాళ్లమ్మ అల్లిన మేజోడును చన్నీళ్లలో తానే ఉతికింది. మీమూన్ పక్కన నిలబడి, నెమ్మదిగా పిండమని చెబుతూ రెండోది కూడా విప్పి ఇచ్చాడు. ఆ తరవాత బోసికాళ్లతో బూట్లు తొడుక్కుని కూతురితో ఇంటికి నడిచాడు.

వెళ్లేటప్పుడు తల్లిదండ్రులందరి తరఫునా ఇమామ్ గారు నజాత్‌తో ఒకే మాట అన్నారు. పాఠాలు ఇలాగే చెప్పమ్మా, మాకు అభ్యంతరం లేదు, కాకపోతే ముందురోజు మసీదులో మాకు కూడా చెప్పించు. నజాత్ సరేనంది. తరవాతి వారం పాఠం 'పళ్లు, వాటి రకాలు' అని గురువారమే కబురు పంపింది.

ఆ రాత్రి తిజ్గీలోని తాతలెవరూ కట్టుడు పళ్లు నోట్లోంచి తీయలేదు.